స్వదేశీ రౌటరు: పునాది యెవరిది?

అంతర్జాలమున సమాచారమునకు దారి చూపు రౌటర్లును స్విచ్చులును మన దేశమునందే తయారు కావలెనను కోరిక నానాటికి బలపడుచున్నది. టెలికాం సంస్థలు నూతనముగా చేర్చుకొను పరికరములు విశ్వసనీయములని నిర్ణయింపబడిన మూలములనుండియే రావలెనను ప్రభుత్వ నియమము 2021 జూను 15 వ తేదీనుండి అమలునకు వచ్చినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని యీ యుత్సాహములో నొక యపోహ తలయెత్తుచున్నది. పరికరమును నడుపు ఆపరేటింగు సిస్టము మొదటి యక్షరమునుండి మనము వ్రాసినదే కానిచో నది స్వదేశీ కాదనియు, లినక్సు కెర్నెలుపై కట్టినది యరువు సొత్తనియు కొందఱి వాదము. ఈ వాదము ప్రపంచానుభవమునకు విరుద్ధమని మా యభిప్రాయము.

ధనమునకు గాని నిపుణులకు గాని లోటులేని సంస్థలేమి చేసినవో చూతము. 1998లో వెలువడిన జూనిపర్ వారి జూనోస్ ఫ్రీబీఎస్‌డీపై నిర్మింపబడినది. అరిస్టా వారి ఈఓఎస్ లినక్సుపై నడచుచున్నది. సిస్కో వారు తొలుత ఐఓఎస్‌ను స్వయముగా వ్రాసికొనిరి. అందలి కార్యక్రమములన్నియు నొకే మెమరీని పంచుకొనుచుండుటచే నొక్కదాని దోషము రౌటరునంతటిని నిలిపివేయగలిగెడిది. తరువాత ఐఓఎస్ ఎక్స్‌ఈలో వారును లినక్సునే యాశ్రయించిరి. పాత ఐఓఎస్ దానిపై నొక కార్యక్రమమై నిలిచినది.

కారణము సుస్పష్టము. మెమరీని పంచుట, కార్యక్రమములకు వంతులు వేయుట, యంత్రభాగములను పలుకరించుట కెర్నెలు పనులు. ఇవి యెల్ల యంత్రములకును సామాన్యము. ఇందు చూపిన నేర్పునకు కొనువాడు రూపాయి యెక్కువ యీయడు. పెద్ద రౌటరులో ప్యాకెట్లు ప్రత్యేకముగా రూపొందించిన చిప్పులద్వారా పోవును; వానిలో మిక్కిలి భాగము కెర్నెలు గడప త్రొక్కనే త్రొక్కదు. సంస్థల పోటీ యంతయు ఆ చిప్పులలోను, దారులను నిర్ణయించు బీజీపీ మొదలగు పద్ధతులను దిట్టముగా నడుపుటలోను ఉన్నది. క్రొత్త ప్రాసెసరు వచ్చినపుడు లినక్సునకు వలయు డ్రైవర్లను తఱచుగా దాని తయారీదారులే వ్రాసి యిత్తురు. సొంత కెర్నెలు గలవాడు ఆ భారమునంతయు నొంటరిగా మోయవలెను. ఊరి చెఱువు నిండియుండగా ప్రతి మడికి నొక చెఱువు త్రవ్వించు రైతును స్వతంత్రుడని యెవ్వరును మెచ్చుకొనరు.

అయితే ఉమ్మడి చెఱువునకు కట్టుబాట్లు గలవు. ఫ్రీబీఎస్‌డీ లైసెన్సు మార్పులను రహస్యముగా నుంచుకొననిచ్చును. లినక్సునకు వర్తించు జీపీఎల్ అట్లు కాదు. యంత్రమును అమ్మినవారు తాము మార్చిన కెర్నెలు మూలమును కొన్నవారికి అందజేయవలెను. 2003లో లింక్‌సిస్ వారి గృహరౌటరు మూలము ఈ నియమమువలననే వెల్లడియయ్యెను. దానినుండి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టెను. మఱియు, ఉమ్మడి కెర్నెలులో నొక రంధ్రము కనబడిననాడు దానిని వాడువారందఱును అపాయమున పడుదురు. దిద్దుబాటు సిద్ధమైనను తన యంత్రములలో చేర్పక యూరకుండు తయారీదారునికి ఏ కెర్నెలైనను రక్ష కాదు.

1984లో స్థాపింపబడిన సీడాట్ సంస్థ శీతలీకరణ గదుల యవసరము లేకయే, మన పల్లెల యెండను దుమ్మును సహించు చిన్న టెలిఫోను ఎక్స్‌ఛేంజీలను తయారు చేసెను. అందలి మైక్రోప్రాసెసరు విదేశీయమే. అవసరమును గుర్తించిన బుద్ధి, రచన మనవి. దానిని పరాయి సొత్తని నేడెవ్వరందురు?

కావున పరికరములను కొను ప్రభుత్వము కెర్నెలు నెవరు వ్రాసిరని యడుగుటకంటె, దానిని చదివి, దోషమును కనిపెట్టి, మూలమునుండి మరల నిర్మింపగల యింజనీర్లు మీకెందఱున్నారని యడుగవలెను. ఎన్ని సంవత్సరములు దిద్దుబాటు లిచ్చెదరని వ్రాయించుకొనవలెను. ఉమ్మడి కెర్నెలునకు మీ వంతు పని యేమి చేసితిరని ప్రశ్నింపవలెను. చెఱువు నీరు వాడుకొనుటలో నవమానము లేదు. పూడిక తీయు దినమున మన యింటినుండి యొక్క పాఱయైనను బయలుదేఱకుండుటయే యవమానము.