ముందు సీపీయూ మూత తీయండి

పాత గేమింగ్ కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు పోయిందంటే, డిప్లొమానో ఇంజనీరింగో చదివే కుర్రాడు మొదట చేసే పని ఫోన్లో ‘పదిహేను వేలలోపు మంచి కార్డు’ అని వెతకడం. రెండోది నాన్నగారిని డబ్బులడగడం. స్క్రూడ్రైవర్ పట్టుకుని సీపీయూ పక్క మూత తీయాలన్న సంగతి చాలామందికి తట్టదు. పాత సిస్టంకి ఏ కార్డు తగునో చెప్పేది యూట్యూబ్ వీడియో కాదు, లోపల కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్.

అన్నవరంలాంటి ఊళ్ళో ఈ జాగ్రత్త మరీ అవసరం. కార్డు కావాలంటే కాకినాడ బస్సో విశాఖ రైలో ఎక్కాలి, కాదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. తెచ్చింది సరిపడకపోతే మళ్ళీ అంత దూరమూ తిరగాలి.

కంప్యూటర్ అసెంబుల్ చేయించేటప్పుడు మనవాళ్ళు పొదుపు చేసేది ఎస్‌ఎంపీఎస్ దగ్గరే. కేబినెట్‌తో పాటు వచ్చిన చవక సరుకు మీద 450 వాట్లని పెద్దక్షరాలతో రాసుంటుంది. దాన్ని నమ్మకండి. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి, 12తో హెచ్చవేయండి. కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి దొరికేది దాదాపు అంతే. 18 ఆంపియర్లుంటే 216 వాట్లు. అందులో 185 వాట్లు తాగే ఆర్‌ఎక్స్ 580 పెడితే ప్రాసెసర్‌కి మిగిలేది 31. ఆట రసపట్టులో ఉండగా సిస్టం టప్పున ఆరిపోవడానికి చాలాసార్లు కారణమిదే.

వేరే తీగ అక్కర్లేకుండా మదర్‌బోర్డు స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లు. 2016లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ ఆ హద్దులో ఒదిగింది కాబట్టే ఎంత పాత సిస్టంలోనైనా సర్దుకుపోయింది. అయితే ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రం వస్తాయి. ఇప్పుడు దాని స్థానంలో చూడదగ్గది 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకం. తాగేది 70 వాట్లే, చాలా మోడళ్ళకు విడి తీగ అక్కర్లేదు. అదే పేరుతో 8 జీబీ రకం కూడా ఉంది. అది 130 వాట్లది, దానికి విడి తీగ కావాలి. షాపులో పేరొక్కటే చెప్పి ఊరుకోకండి.

జీబీలు చూసి కొనడం ఇంకో పొరపాటు. ఆన్‌లైన్‌లో జీటీ 730ని ‘4 జీబీ గేమింగ్ కార్డు’ అని అమ్ముతుంటారు. ఆ కెప్లర్ తరానికి కొత్త ఆటల డ్రైవర్లు 2021లోనే ఆగిపోయాయి. జీటీ 1030 అయితే ఒకే పేరుతో రెండు రకాలుగా ఉంది. జీడీడీఆర్5 రకం సెకనుకు 48 జీబీ సమాచారం మోస్తే, డీడీఆర్4 రకం 17 జీబీ కూడా మోయదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీది మరో చిక్కు. అది స్లాట్‌లోని 16 దారుల్లో నాలుగే వాడుతుంది. కొత్త బోర్డుల్లో గడిచిపోతుంది గానీ, పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డులో చతికిలబడుతుంది. అంటే చవక కార్డు అవసరమైన సిస్టంలోనే అది పనికిరాదు.

ఇక సెకండ్ హ్యాండ్. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారడంతో, ఆ మైనింగ్‌లో రాత్రింబవళ్ళు అరిగిన కార్డులు గుట్టలుగా బజారున పడ్డాయి. వాటిలో ఆర్‌ఎక్స్ 580లు బోలెడు. అవి పొలారిస్ కుటుంబానివి. ఆ కుటుంబం బయటికొచ్చినప్పుడు ఏఎండీ గ్రాఫిక్స్ విభాగం పెద్ద, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివిన మన రాజా కోడూరి. తర్వాత ఇంటెల్‌కి వెళ్ళి ఆర్క్ కార్డుల పని నడిపించిందీ ఆయనే. మనవాడి కార్డులని మురిసిపోండి గానీ, పాత సిస్టంకి మాత్రం రెండూ ఆలోచించే కొనండి. ఆర్క్ సత్తా చూపాలంటే మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండాలి, పాత బోర్డుల్లో చాలావాటికి అది లేదు. 580లో 2048ఎస్‌పీ అని రాసున్నది పేరుకే 580, లోపల కోర్లు 570వి. కొనేముందు జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌తో అసలుదో కాదో చూడండి, అరగంట బరువైన ఆట ఆడించండి. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే వచ్చిన బస్సే ఎక్కేయండి.

ఆశకూ హద్దుండాలి. అన్నవరం రత్నగిరి మీద వ్రతం టిక్కెట్లు రకరకాల ధరల్లో ఉంటాయి. టిక్కెట్టును బట్టి మండపం మారుతుంది గానీ, అందరూ వినేది ఆ ఐదు అధ్యాయాల కథే. ఆటా అంతే. 1080పీ తెర మీద మీడియం సెట్టింగుల్లో ఆడినా కథ మారదు. మానిటర్ అంతకు మించనప్పుడు కార్డు మీద ఎక్కువ పోయడం దండగ. వీజీఏ మాత్రమే ఉన్న పాత మానిటరైతే కన్వర్టర్ ఖర్చు కూడా కలుపుకోండి, ఇప్పటి కార్డులకు ఆ పోర్టుండదు.

నా లెక్క ఇది. ఎస్‌ఎంపీఎస్ నాసిరకమైతే ముందు దాన్ని మార్చండి. అది రేపు కొత్త సిస్టంకీ పనికొస్తుంది. మిగిలిన డబ్బుతో 75 వాట్లలోపు కొత్త కార్డు, బిల్లుతో తీసుకోండి. కాకినాడ షాపువాడు ఆన్‌లైన్ కంటే ఐదొందలు ఎక్కువ చెప్పినా, వారంటీకి పంపిపెట్టే బాధ్యత తీసుకుంటానంటే అక్కడే కొనండి. మదర్‌బోర్డే పదేళ్ళు దాటి మూలుగుతుంటే ఏ కార్డూ కొనకండి, ఆ డబ్బు కొత్త సిస్టంకి దాచుకోండి. చేతిలో డబ్బున్నవాడికి తప్పుడు కార్డు ఓ చిరాకు, అంతే. పదిహేను వేలు కూడబెట్టడానికి ఏడాది పట్టినవాడికి మాత్రం మరో ఏడాది ఆట పోయినట్టే.