కత్తి పట్టే చేయి పుట్టుకతో రాదు

నాయీబ్రాహ్మణుల వృత్తి గురించి మాట వస్తే బాగా చదువుకున్నవాళ్లు కూడా తడుముకోకుండా అనే మాట ఒకటుంది: ‘వాళ్లకేమండీ, అది రక్తంలోనే ఉంటుంది. కత్తి చేతికిస్తే చాలు.’ అన్నవాళ్లు మెచ్చుకోలుగానే అంటారు, విన్నవాళ్లు తల ఊపుతారు. నాకు మాత్రం ఆ మాట వింటే కడుపు మండుతుంది. ఒక మనిషి ఏళ్ల తరబడి సంపాదించుకున్న పనితనాన్ని అతని చేతిలోంచి లాక్కుని పుట్టుక ఖాతాలో వేసే మాట అది.

అసలు క్షవరం కత్తి దగ్గర నేర్చుకోవలసింది ఏముందో చూద్దాం. ముందు పదును. మడత కత్తికి వీపు మందంగా ఉంటుంది, అంచు దగ్గరికి వచ్చేసరికి రేకు కన్నా పల్చబడుతుంది. సానరాయి మీద వీపూ అంచూ రెండూ ఆనేలా పరిచి నూరాలి. ఆ వీపు మందమే అంచుకు కోణం కుదురుస్తుంది. కొత్తవాడు గట్టిగా నొక్కుతాడు, నొక్కితే అంచు చెడుతుంది. చేతి బరువు తగ్గించుకోవడమే మొదటి పాఠం, అది మాటతో చెబితే వచ్చేది కాదు. రాయి తర్వాత తోలుపట్టీ. ఒక కొస కొక్కేనికి తగిలించి, రెండో కొస ఎడమచేత్తో బిగలాగి పట్టుకుంటారు. కత్తి వీపు ముందుగా సాగాలి, అంచు వెనక రావాలి. కొసకు చేరాక కత్తిని వీపు మీదే దొర్లించి తిప్పాలి. పొరపాటున అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది, అప్పటిదాకా పడ్డ శ్రమంతా పోతుంది. చేయి తిరిగినవాళ్లు ఈ పని చూడకుండానే చేస్తారు, పక్కనున్నవాళ్లతో కబుర్లు చెబుతూనే చేస్తారు. మనం ఆ కబుర్లే వింటాం, చేతిని చూడం.

పదును ఒకసారి పెడితే నిలిచేదీ కాదు. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక సంగతి బయటపెట్టారు. ఉక్కు కన్నా సుమారు 50 రెట్లు మెత్తనైన వెంట్రుక, కత్తి కింద వంగినప్పుడు, అంచును పెచ్చులూడగొడుతుందట. సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప కనిపించని ఆ దెబ్బను మన క్షురకుడు కత్తి గీసే చప్పుడుతో, చేతికి తగిలే ఈడ్పుతో పసిగట్టి మళ్లీ తోలు దగ్గరికి వెళ్తాడు.

ఇక ముఖం. నీళ్లు బాగా పట్టి నానితేనే వెంట్రుక మెత్తబడుతుంది. కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఆనించాలి. అంతకన్నా లేపితే కోసుకుపోతుంది, మరీ పడుకోబెడితే వెంట్రుకను తెంపకుండా పీకుతుంది. చెంప మీద సరిపోయిన వాలు దవడ ఎముక మలుపులో సరిపోదు, అక్కడ మణికట్టు కూడా మలుపు తిరగాలి. గుటక వేస్తే కదిలే గొంతు ముడి దగ్గర చర్మాన్ని పక్కకు లాగి చదును చేసుకుని గీయాలి. వెంట్రుక చెంప మీద ఒక వైపు వాలితే మెడ మీద ఇంకో వైపు వాలుతుంది, మనిషి మనిషికీ ఆ వాలు మారుతుంది. వీటన్నిటినీ కలిపి చేస్తున్నది కుడిచేయి అనుకుంటాం. నిజానికి సగం పని చర్మాన్ని లాగి పట్టే ఎడమచేతిది. ఇంత విద్య రక్తంలో ఎక్కడ ఉంటుంది?

మన పాతకాలపువాళ్లు దీన్ని పుట్టుక విద్య అనుకోలేదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో శస్త్రాలకు పదును పెట్టడానికి మినుముల రంగు నున్నటి రాయి, పెట్టిన పదును నిలపడానికి బూరుగు పలక చెప్పారు. పదును కుదిరిందో లేదో వెంట్రుక తెంపి చూడమన్నారు. ఆ తర్వాతి అధ్యాయమంతా సాధన గురించే. కోయడం గుమ్మడి, సొర, పుచ్చ, దోస కాయల మీద నేర్చుకోవాలి. గీకడం వెంట్రుకలున్న తోలును బిగించి పరచి దాని మీద నేర్చుకోవాలి. ఎంత చదివినా సాధన చేయనివాడు పనికి తగడని తేల్చి చెప్పిన గ్రంథం అది. వైద్యుడి చేతికి సాధన కావాలన్నప్పుడు ఒప్పుకుని, క్షురకుడి చేతికి వచ్చేసరికి ‘పుట్టుక’ అనడం ఏం న్యాయం?

యూరప్‌లోనూ ఇది నేర్చుకునే విద్యే. పారిస్‌లో కత్తులు చేసే జాన్-జాక్ పెరే 1769లో ఏకంగా పుస్తకమే రాశాడు, ఎవరి గడ్డం వారు గీసుకోవడం ఎలా నేర్చుకోవాలో చెప్పడానికి. ఇక జిలెట్ కంపెనీ చరిత్ర చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 1903లో అది అమ్మింది 51 రేజర్లు. మరుసటి ఏడాది 90 వేలు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లు కొన్నది. నూరక్కర్లేదు, తోలుకు రాయక్కర్లేదు అన్నదే ఆ కంపెనీ ప్రచారం. అంటే జనం డబ్బిచ్చి కొనుక్కున్నది నేర్చుకునే శ్రమ తప్పించుకోవడాన్ని. సులువుగా వచ్చే విద్యను తప్పించుకోవడానికి ఎవరూ అంత డబ్బు పోయరు.

ఇవాళ మన సెలూన్లలో సగం బ్లేడు దూర్చే కత్తి వచ్చింది. ఎయిడ్స్ భయంతో వచ్చిన ఆ మార్పు మంచిదే. నూరే పని పోయింది, చేతి పని అలాగే ఉంది.

మా తాతల నుంచి వచ్చిన విద్య అని ఆ వృత్తిలోని పెద్దలే గర్వంగా చెప్పుకుంటారు కదా అని ఎవరైనా అడగవచ్చు. చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ వాళ్లు చెప్పేది ఇంట్లో బడి ఉందని. పసితనం నుంచి పొది సర్దుతూ, నీళ్లు అందిస్తూ, తోలు చప్పుడు వింటూ పెరిగిన పిల్లవాడికి సగం పాఠం తెలియకుండానే వస్తుంది. మిగతా సగానికి తిట్లు తింటాడు. సంగీత విద్వాంసుడి కొడుకు పాడితే సాధన అంటాం, ఇతడి కొడుకు కత్తి పడితే రక్తం అంటాం.

ఈ తేడా కూలిలో కనబడుతుంది. ఏడాది పొడుగునా ఊరందరి గడ్డాలూ గీసి, కల్లం దగ్గర కొలిచి ఇచ్చే మేర కోసం ఎదురుచూసిన తరాలున్నాయి. అది దయగా ఇచ్చినట్టు ఇచ్చారు తప్ప విద్యకు వెల కట్టి ఇవ్వలేదు. రక్తంలో ఉన్నదానికి వెల ఏమిటన్న ఆలోచనే దాని వెనక ఉంది. అదే ఆలోచన ఇంకో పని కూడా చేసింది. వేరే చదువు చదవాలనుకున్న పిల్లవాడిని ‘నీ పని నీకుందిగా’ అని వెనక్కి నెట్టింది. ఆ వృత్తిని పిల్లి తలతో ముడిపెట్టి నవ్వుకునే సామెత మన నాలుక చివరే ఉంటుంది. పిల్లల ముందు దాన్ని వాడడం మానేయవలసిన రోజు ఎప్పుడో వచ్చింది.

ఇప్పుడు నగరాల్లో కొందరు కుర్రాళ్లు జర్మనీలోని జోలింగెన్ కత్తులు తెప్పించుకుని ఇంట్లో సాధన చేస్తున్నారు. నేర్చుకోనివ్వండి, మంచిదే. ఏ కులంవాడికైనా ఈ విద్య వస్తుంది, నిలబడి నేర్చుకుంటే. చేతికి వచ్చేదాకా ఎన్ని గాట్లు పడాలో వాళ్ల చెంపలకు తెలుసు. అయితే వాళ్లు చేస్తే కళ, అభిరుచి అని, సందు చివర సెలూన్‌లో అదే పని రోజంతా నిలబడి చేసేవాడిది కులవృత్తి అని రెండు పేర్లు పెట్టకండి.

ఈసారి కుర్చీలో కూర్చున్నప్పుడు ‘ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?’ అని అడగండి. తండ్రి పేరో మేనమామ పేరో చెబుతారు, ఎన్నేళ్లు పట్టిందో చెబుతారు. అది విన్న తర్వాత బేరమాడకుండా డబ్బులివ్వండి.