తల్లి గుండె – బిడ్డ బ్రతుకు

గర్భిణి యేమి తినుచున్నది, ఎట్లు నడచుచున్నది యని మన పెద్దలు వేయి కన్నులతో కనిపెట్టుచుందురు. ఆమె గుండె యెట్లున్నదో విచారించువారు అరుదు. ఆయాసమని చెప్పినచో, కడుపుతో నున్నవారికిది సహజమేయని త్రోసిపుచ్చుదురు. ఈ యుపేక్షాఫలమును తల్లియే గాక, లోకము చూడని శిశువును అనుభవించుచున్నది.

గర్భకాలమున స్త్రీ శరీరమందలి రక్తము ఇంచుమించు సగము వంతు పెరుగును. ఆరోగ్యమైన గుండె ఈ భారమును మోయగలదు. ఎడమ గదుల నడుమ కవాటము ఇరుకైన గుండెకు అది అలవి గాదు. రక్తము ఊపిరితిత్తులలో నిలిచిపోవును. మావికి చేరవలసిన రక్తము తగ్గును. అందుచే శిశువు బరువు తక్కువై పుట్టుట, నెలలు నిండకయే పుట్టుట, ఒక్కొక్కప్పుడు గర్భముననే మరణించుట సంభవించుచున్నది. తల్లికి పుట్టుకతో వచ్చిన హృద్రోగమున్నచో, బిడ్డకును అట్టిది కలుగు అవకాశము ఇతర శిశువులకంటె హెచ్చు.

మన దేశమున గర్భిణుల హృద్రోగమునకు కీళ్లవాతపు జ్వరము నేటికిని ముఖ్యకారణము. బాల్యమున గొంతునొప్పి, పిదప కీళ్లనొప్పి, జ్వరము వచ్చి పోవును; కవాటమునకు తగిలిన దెబ్బ మాత్రము నిలిచియుండును. మూడు నాలుగు వారములకొక పెన్సిలిన్ సూదిని వైద్యుడు చెప్పినన్ని యేండ్లు వేయించినచో, వ్యాధి తిరుగబెట్టుట చాలవరకు ఆగును.

దీనికెల్ల దారిద్ర్యమే హేతువనుట ఆత్మవంచన. కలవారి యిండ్లలోను, పెండ్లి చెడునను భయముచే పిల్ల వ్యాధిని దాచుట కలదు. దాచిన వ్యాధి, గుండెపై భారము హెచ్చు ఏడవ యెనిమిదవ మాసములలో బయటపడును. 1984లో జపాను వైద్యుడు కాంజీ ఇనౌయే ప్రకటించిన బెలూను చికిత్సచే, రొమ్ము కోయకయే అనేకులకు ఇరుకైన కవాటమును వెడల్పు చేయవచ్చును. గర్భధారణకు ముందే అది జరిగిన తల్లికిని బిడ్డకును మేలు. దాచినవారు ఆ యవకాశమును చేజేతుల పోగొట్టుచున్నారు.

2016 లగాయతు ప్రతినెల 9వ తేదీన, ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఏర్పాటైనవి. రక్తపోటు, రక్తహీనత చూచి తృప్తిపడరాదు. తొలి పరీక్షయందే ప్రతి గర్భిణి గుండె చప్పుడును వైద్యుడు వినవలయును; సందేహమున్నచో ఎకో పరీక్షకు పంపవలయును.

1947లో స్వాతంత్ర్యము సిద్ధించి ఏడు దశాబ్దులు దాటినవి. జాతి భవిష్యత్తును గూర్చి వేదికలపై ప్రసంగించు పెద్దలు, తమ యింటి ఆడుపిల్ల కీళ్లనొప్పిని ముందు విచారింతురు గాక!