సరుకుకు స్వాగతం, ఫ్యాక్టరీకి సంకెళ్లు

ఎనిమిది రోజులు. 2000 ఏప్రిల్ నుంచి పాతికేళ్లలో చైనా నుంచి మన దేశంలోకి అధికారికంగా వచ్చిన ప్రత్యక్ష పెట్టుబడి అంతా కలిపితే దాదాపు 250 కోట్ల డాలర్లు. ఒక్క 2024-25లో ఆ దేశం నుంచి మనం కొన్న సరుకు విలువ 11,345 కోట్ల డాలర్లు. పాతికేళ్ల పెట్టుబడిని మొత్తం తెచ్చి గుమ్మరించినా మన ఎనిమిది రోజుల దిగుమతి బిల్లుకు మించదు. చైనా డబ్బు మనల్ని మింగేస్తుందని ఐదారేళ్లుగా టీవీల్లో, పత్రికల్లో గొంతులు చించుకుంటున్నవారిలో ఒక్కరూ ఈ లెక్క ఎత్తరు.

వాళ్లు ఎత్తేదల్లా హంబన్‌టోట. శ్రీలంక అప్పు చేసి రేవు కట్టుకుంది, 2017లో దాన్ని 99 ఏళ్ల లీజుకు రాసిచ్చింది, చైనా పైసా ముట్టుకుంటే మనకూ అదే గతి. వ్యాసం ఎవరు రాసినా దారి ఇదే. కానీ రేవు కోసం శ్రీలంక తెచ్చుకున్నది అప్పు. ఓడలు వచ్చినా రాకున్నా వాయిదా కట్టాల్సిందే. ఫ్యాక్టరీ పెట్టినవాడికి నష్టమొస్తే మునిగేది వాడి సొమ్ము. షెడ్డూ, పని నేర్చిన మనుషులూ ఇక్కడే ఉంటారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి పాఠకుడిని భయపెట్టడం తేలిక.

ఆ భయం మీదే ప్రెస్ నోట్ 3 నిలబడింది. సరిహద్దు దేశాల నుంచి వచ్చే పెట్టుబడికి కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన నిబంధన అది. దాన్ని గల్వాన్‌కు మన జవాబుగా చెప్పుకోవడం అలవాటైపోయింది. సరిహద్దులో చైనా సైన్యంతో గల్వాన్ ఘర్షణ జరిగింది 2020 జూన్‌లో. ప్రెస్ నోట్ వచ్చింది ఏప్రిల్ 17న. కొవిడ్ దెబ్బకు షేర్లు పడిపోయిన మన కంపెనీలను ఎవరూ కారుచౌకగా ఎగరేసుకుపోకుండా చూడటానికే అని ప్రభుత్వమే అప్పుడు చెప్పింది. ఆ పూటకు సబబైన జాగ్రత్తే. తర్వాత దానికి దేశభక్తి రంగు పూసి విధానంగా స్థిరపరిచారు. ఫలితం ఏమిటి? 2019-20లో 6,526 కోట్ల డాలర్లున్న దిగుమతులు ఐదేళ్లలో 11,345 కోట్లకు ఎగబాకాయి. మన ఎగుమతులు 1,425 కోట్లు. లోటు 9,920 కోట్లు. వీధి గుమ్మానికి గొళ్లెం పెట్టి పెరటి తలుపు బార్లా తీసిపెట్టాం.

కొంటున్నది దీపావళి దీపాలు, పిల్లల బొమ్మలు అనుకుంటే పొరపాటు. అందులో సింహభాగం ఎలక్ట్రానిక్ విడిభాగాలు, యంత్రాలు, రసాయనాలు. ఇవి లేకపోతే మన ఫ్యాక్టరీలే నడవవు. అందుకే బహిష్కరణ నినాదాలు వాట్సాప్ దాటి పోవు.

మన ముంగిట్లోని మందుల పరిశ్రమనే చూద్దాం. దేశం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్, ఇంటర్మీడియట్లలో విలువ ప్రకారం దాదాపు 70 శాతం చైనా నుంచే వస్తాయి. ప్రపంచానికి మాత్రలు అమ్మే హైదరాబాద్‌కు ముడిసరుకు అక్కడి నుంచి రావాలి. ఈ హైదరాబాద్ పరిశ్రమ ఎలా పుట్టిందో గుర్తుందా? 1961లో ఏర్పాటైన ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్‌కు డబ్బు, యంత్రాలు, పరిజ్ఞానం సోవియట్ యూనియన్ నుంచి వచ్చాయి. అదీ అగ్రరాజ్యమే, దానికీ తన స్వార్థాలున్నాయి. కానీ హైదరాబాద్ బాలానగర్‌లోని దాని ప్లాంటు యాజమాన్యం మనది, అందులో పని నేర్చుకున్నది మన కెమిస్టులు. వాళ్లలో ఒకరైన కల్లం అంజిరెడ్డి తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 1970 పేటెంట్ల చట్టం తోడైంది. ఐడీపీఎల్ ఖాయిలా పడింది గానీ, అక్కడ నేర్చిన విద్య నగరం చుట్టూ పదుల కంపెనీలై మొలిచింది. మాస్కో మాత్రలు మాత్రమే అమ్మి ఉంటే ఈ రోజు జీడిమెట్లలో ఏముండేది?

చైనాతో మనం చేస్తున్నది సరిగ్గా ఆ పనే. మాత్రలోకి వెళ్లే మందు వాళ్ల దగ్గర కొంటాం, దాన్ని తయారుచేసే విద్య మాత్రం ఇక్కడికి రానివ్వం. ఒకప్పుడు సొంతంగా పెన్సిలిన్ చేసిన దేశం, దాన్ని మళ్లీ చేయడానికి ప్రోత్సాహకాలు ఇవ్వాల్సి వచ్చింది. అరబిందో గ్రూపు కాకినాడ దగ్గర ప్లాంటు పెడితే, చౌకధరల దిగుమతుల పోటీకి తట్టుకోవడానికి కనీస దిగుమతి ధర కావాలన్న డిమాండ్ వెంటే వచ్చింది.

పరాయి పెట్టుబడిని ఎలా వాడుకోవాలో చైనానే అడిగితే సరి. 1984లో ఫోక్స్‌వ్యాగన్ షాంఘై వచ్చినప్పుడు స్థానిక కంపెనీతో పొత్తు పెట్టుకునే వచ్చింది. కార్ల తయారీలో విదేశీ వాటా సగం దాటకూడదన్న నిబంధనను చైనా దశాబ్దాలు కొనసాగించి, ప్రయాణికుల కార్ల విషయంలో 2022లో గానీ పూర్తిగా ఎత్తెయ్యలేదు. అప్పటికి జర్మన్ల దగ్గర నేర్చినవాళ్లు జర్మన్లకే పోటీగా నిలబడ్డారు.

ఇండోనేషియా ఆ పాఠాన్ని చైనా మీదే ప్రయోగించింది. 2020 జనవరి నుంచి నికెల్ ముడి ఖనిజం ఎగుమతిని ఆపేసింది. నికెల్ కావాలంటే ఇక్కడికొచ్చి కరిగించుకోండి అంది. చైనా కంపెనీలు వచ్చి సులవేసి దీవిలోని మొరోవాలిలో స్మెల్టర్లు కట్టాయి. ఐరోపా సమాఖ్య ఫిర్యాదుపై ప్రపంచ వాణిజ్య సంస్థ 2022లో ఇండోనేషియాకు వ్యతిరేకంగా తేల్చినా జకార్తా వెనక్కి తగ్గలేదు. అంతా బంగారమేమీ కాదు. బొగ్గు పొగ, పాడైన సముద్రతీరం, 2023 డిసెంబరులో మొరోవాలి పేలుడులో పోయిన 21 ప్రాణాలు కూడా ఆ లెక్కలోవే. బ్రెజిల్‌లో చైనా కంపెనీ బీవైడీ కార్ల ఫ్యాక్టరీ కడుతున్నచోట 2024లో బానిసల్లాంటి స్థితిలో ఉన్న 163 మంది చైనా కార్మికులను అధికారులు బయటికి తెచ్చారు. ఇవన్నీ కఠినమైన షరతులు, పనిచేసే కార్మిక శాఖ అవసరమని చెబుతాయి. గేటుకు తాళం వేయమని చెప్పవు.

టెలికం, విద్యుత్ గ్రిడ్, ప్రజల డేటా, రేవులు: వీటిలోకి చైనాను రానివ్వకూడదన్నది న్యాయమైన మాటే, ఒప్పుకుందాం. కెపాసిటర్లు చేసే షెడ్డుకీ, మందుల రియాక్టరుకీ అదే సూత్రం ఎందుకు?

2023లో బీవైడీ, హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ కలిసి 100 కోట్ల డాలర్లతో విద్యుత్ కార్ల ఫ్యాక్టరీ పెడతామంటే కేంద్రం కాదందని వార్తలొచ్చాయి. తిరుమల ఘాట్ రోడ్డెక్కే ఆర్టీసీ విద్యుత్ బస్సులు అదే మేఘా గ్రూపులోని ఒలెక్ట్రావి. వాటి టెక్నాలజీ బీవైడీది. కొండెక్కే బస్సులో లేని ముప్పు కారు ఫ్యాక్టరీలో ఎక్కడి నుంచి వచ్చింది? కార్ల కంపెనీ ఎంజీ మోటార్‌లో మన దేశపు జేఎస్‌డబ్ల్యూ 35 శాతం తీసుకుని, చైనా మాతృసంస్థ వాటాను సగానికి లోపు దించిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. దారి తెలియక ఆగిపోయామని చెప్పడానికి వీల్లేదు.

2024 జులైలో ప్రభుత్వ ఆర్థిక సర్వే, దిగుమతుల మీద ఆధారపడే కంటే చైనా పెట్టుబడిని రానివ్వడమే మేలని రాసింది. రాయించింది ప్రతిపక్షం కాదు, ముఖ్య ఆర్థిక సలహాదారు అనంత నాగేశ్వరన్. రోజుల వ్యవధిలోనే వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ అలాంటి పునరాలోచన ఏదీ లేదని కొట్టిపారేశారు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి దిగుమతులు మరో 1,100 కోట్ల డాలర్లకు పైగా పెరిగాయి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాలకు లైసెన్సు మెలిక పెట్టగానే మన కార్ల కంపెనీలు ఢిల్లీ చుట్టూ తిరిగాయి. పీక మీద చెయ్యి వేయడానికి చైనాకు మన గడ్డ మీద ఒక్క ఫ్యాక్టరీ అవసరం పడలేదు. సరుకు ఆపితే చాలింది.

చైనా పెట్టుబడి దేశభద్రతకు ముప్పని ఇకముందు రాసేవారు దయచేసి ఒక్క వాక్యం అదనంగా రాయాలి: పెన్సిలిన్ ముడిసరుకు, సోలార్ సెల్, మోటారు అయస్కాంతం చైనా నుంచి కొనడం ఏ ఏడాది ఆపేస్తారో. ఆ ఏడాది చెప్పలేనివారు కాపాడుతున్నది దిగుమతిదారుల కమీషన్‌నే.