మోకాళ్ళు మొరాయించినా డాలియా పూస్తుంది

మోకాళ్ళ నొప్పులు మొదలవగానే మన ఇళ్ళల్లో ముందుగా మూలపడేది ఏమిటో గమనించారా? కత్తిపీట కాదు, చీపురూ కాదు. పూల కుండీలు! "ఈ వయసులో ఆ మట్టిపని ఎందుకమ్మా, హాయిగా కూర్చోక" అంటారు పిల్లలు. "గొంతుక్కూర్చోకండి" అంటారు డాక్టరుగారు. సరేనని ఉన్న నాలుగు కుండీలూ పక్కింటివాళ్ళకి ఇచ్చేస్తాం. మర్నాడు పొద్దున్నే మళ్ళీ నేలమీద కూర్చుని కూరలు తరుగుతాం, నడుం వంచి ఇల్లు ఊడుస్తాం. వాటిని మానమని ఎవరూ అనరు, మానాలని మనకీ తోచదు. మన కోసం మనం చేసుకునే ఒక్క పనినే ముందు వదిలేసుకుంటాం.

మానుకోవలసింది వంగడం, గొంతుక్కూర్చోవడం. పూలు పెంచడం కాదు కదండీ! మనం మొక్క దగ్గరికి వంగలేకపోతే మొక్కనే మన ఎత్తుకి తెచ్చుకుందాం. అందుకు డాలియా చక్కగా సరిపోతుంది. దీనికి బరువు పని ఏడాదిలో రెండేసార్లు: నాటే రోజు, దుంపలు తీసే రోజు. మిగిలినదంతా రోజుకు పావుగంట చేతిపని. నిలబడో, కుర్చీలో కూర్చునో చేసుకోవచ్చు.

డాలియా పుట్టిల్లు మెక్సికో కొండ ప్రాంతాలు. అక్కణ్ణించి 1789లో స్పెయిన్ దేశపు మాడ్రిడ్ ఉద్యానవనానికి చేరింది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ఆండర్స్ డాల్ పేరు మీదుగా 1791లో దానికి డాలియా అని నామకరణం చేశారు. 1963లో మెక్సికో దాన్ని తన జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది. కొండల చల్లదనంలో పుట్టిన మొక్క గనక మన ఎండాకాలం దానికి పడదు. వానలు తగ్గుముఖం పట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో నాటితే రెండున్నర, మూడు నెలల్లో పూతకొస్తుంది. అంటే సరిగ్గా సంక్రాంతి రోజులన్నమాట! వాసన లేదు, జడలో ఇమడదు. కానీ గొబ్బెమ్మ మీద ఒక్క డాలియా పెట్టి చూడండి, వాకిలంతా దానిదే.

ముందు చోటు సంగతి. మెట్లెక్కడం కష్టమైనవారు డాబా జోలికి పోవద్దు. వరండా గానీ, వాకిలి పక్క గానీ, బాల్కనీ గానీ చాలు. రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి, అదీ ఉదయపుటెండ అయితే మరీ మంచిది. అక్కడ సిమెంటు ఇటుకలు రెండు వరసలుగా పేర్చి, వాటి మీద ఒక కడప బండ వేయించండి. గట్టు అడుగున్నర ఎత్తుంటే చాలు. దాని మీద అడుగు ఎత్తు కుండీ పెడితే మట్టి రెండున్నర అడుగుల ఎత్తుకొస్తుంది. కుర్చీలో కూర్చున్నా అందుతుంది, నిలబడ్డా పెద్దగా వంగక్కర్లేదు. కూర్చునేందుకు పీట వద్దు. చేతులున్న కుర్చీ అయితే లేచేటప్పుడు బరువు మోకాళ్ళ మీద పడకుండా చేతుల మీద మోపి లేవవచ్చు.

రకం ఎంచుకోవడంలోనూ కిటుకు ఉంది. అడుగు, అడుగున్నరకు మించని పొట్టి రకాలు గట్టుకు బాగుంటాయి, పువ్వు సరిగ్గా చేతికందే ఎత్తులో పూస్తుంది. మూడు నాలుగు అడుగులు ఎదిగే పెద్ద పూల రకాలు కావాలంటే ఆ కుండీలు నేలమీదే ఉంచండి. మొగ్గలూ పూలూ ఎలాగూ పైనే కదా, నీళ్ళు మాత్రం గొట్టంతో పట్టాలి. కొత్తగా మొదలుపెట్టేవారు దుంపల కంటే నర్సరీలో వేరు పట్టిన మొక్కలు తెచ్చుకుంటే తేలిక. గోదావరి జిల్లాలవారికి కడియం నర్సరీలు ఉండనే ఉన్నాయి. మిగతా ఊళ్ళవాళ్ళు చలికాలం పూల మొక్కలు అమ్మే చోట అడగండి.

ఇక మట్టి. పది, పన్నెండు అంగుళాల కుండీ తీసుకోండి. రెండు పాళ్ళు తోటమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి కలపాలి. బరువు తగ్గాలంటే తోటమట్టి కొంత తగ్గించి కొబ్బరి పొట్టు కలపవచ్చు. ఒక్క మాట మరవకండి: ఖాళీ కుండీని గట్టు మీద పెట్టాకే మట్టి నింపండి. నింపిన కుండీని ఎత్తబోతే మోకాలికి తోడు నడుమూ పట్టేస్తుంది. అడుగున చిల్లి మీద పెంకుముక్క వేయడం మామూలే. నీళ్ళు నిలిస్తే డాలియా దుంప కుళ్ళిపోతుంది.

దుంప నాటేవారు ఇది గమనించాలి. చూడటానికి చిలగడదుంపలా ఉన్నా, మొలక దుంప ఒంట్లోంచి రాదు. పాత కాండం మొదట్లో, దుంప మెడ దగ్గరుండే కన్నులోంచి వస్తుంది. ఆ కన్ను లేని దుంప ఎంత లావున్నా మొలవదు. రెండు మూడు అంగుళాల లోతున దుంపను పడుకోబెట్టి మట్టి కప్పండి. ఊతకర్ర కూడా అప్పుడే పాతేయాలి, తరవాత గుచ్చితే దుంపకు గాయమవుతుంది. మొలక కనిపించేదాకా నీళ్ళు పొదుపుగా చిలకరిస్తే చాలు.

మూడు నాలుగు జతల ఆకులు రాగానే చివరి చిగురు గిల్లేయండి. పక్క కొమ్మలు వేసి మొక్క గుబురుగా వస్తుంది. ఒక్కో కొమ్మ చివర మూడు మొగ్గలు కనిపిస్తాయి. నడిమి మొగ్గను ఉంచి పక్కవి రెండూ తుంచేస్తే పువ్వు పెద్దదవుతుంది. చిన్న పూలే ఎక్కువ కావాలంటే అలాగే వదిలేయండి. వాడిన పూలు ఎప్పటికప్పుడు కోసేస్తుంటే కొత్త మొగ్గలు వస్తూనే ఉంటాయి. యూరియా జోలికి పోకండి, ఆకులు ఏపుగా వచ్చి పూలు తగ్గుతాయి. నీళ్ళు పొద్దున్నే, మొదట్లోనే పోయాలి. ఆకులు తడిసి ఉంటే తెగుళ్ళు చేరతాయి. పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్ళకు ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ఇప్పుడు మోకాళ్ళ సంగతి చూద్దాం. పది లీటర్ల బకెట్టు నీళ్ళంటే పది కిలోల బరువు! అది మోయకండి. గొట్టమో, లీటరు చెంబో వాడండి. తడిసిన గచ్చు మీద జారితే అసలుకే మోసం, కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకునే నీళ్ళు పట్టండి. ఒకే చోట చాలాసేపు నిలబడవద్దు. కాసేపు నిలబడి, కాసేపు కూర్చుని చేసుకోండి. చేతికర్ర వాడేవారు నొప్పి కుడి మోకాలికైతే కర్ర ఎడమచేత్తో పట్టుకోవాలి. మెట్లు తప్పనప్పుడు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

నొప్పి ఉందని కాళ్ళు కదపకుండా కూర్చుంటే తొడ కండరాలు బలహీనపడి, ఆ భారమంతా మోకాలి మీదే పడుతుంది. మొక్కల దగ్గర కుర్చీలో కూర్చున్నప్పుడే ఒక కాలు నేరుగా ముందుకు చాచి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు. రోజూ చేస్తే తేడా మీకే తెలుస్తుంది. అధిక బరువున్నవారు ఒక్క కిలో తగ్గినా, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నొప్పి మాత్రలు మాత్రం మందుల షాపులో అడిగి మీ అంతట మీరు మింగకండి. కడుపుకీ, మూత్రపిండాలకీ చేటు. మోకాలు వాచి ఎర్రబడినా, జ్వరం తోడైనా, నడుస్తుండగా పట్టు తప్పుతున్నా, మడత దగ్గర బిగుసుకుపోతున్నా వెంటనే డాక్టరుకి చూపించండి.

మార్చి వచ్చేసరికి ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. అప్పుడు నీళ్ళు మానేసి, కాండాన్ని నాలుగైదు అంగుళాలు ఉంచి కోసేయండి. వారం తరవాత బల్ల మీద పాత గోనె పరిచి కుండీని బోర్లిస్తే దుంపల గుత్తి బయటికొస్తుంది. తవ్వే పనే లేదు. నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, పొడి ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి, చల్లగా గాలి తగిలే చోట ఉంచండి. పువ్వు రంగు ఒక చీటీ మీద రాసి కట్టడం మరవకండి. నెలకోసారి చూసి, మెత్తబడినవి తీసి పారేయండి. మన ఎండలకి అన్నీ నిలవవు. సగం నిలిచినా లాభమే.

కుండీలు నింపే రోజు, బోర్లించే రోజు, ఈ రెండు రోజులూ మీకు ఇంకొకరి చేతులు కావాలి. ఇక్కడే మనతో వచ్చిన చిక్కు! ఇంటిల్లిపాదికీ ఏం కావాలో అడిగి మరీ చేసిపెడతాం గానీ, మనకు కావలసిన సాయం అడగడానికి నోరు రాదు. మా వీధిలో అరవై దాటిన ఒకావిడ అక్టోబరులో ఒక ఆదివారం, మార్చిలో ఒక ఆదివారం క్యాలెండరు మీద గుర్తు పెట్టి, ఆ రెండు రోజులూ మనవడివే అని ముందే చెప్పేస్తారు. ఆ అబ్బాయి గొణుక్కుంటూనే వస్తాడు. జనవరిలో స్నేహితుల్ని తీసుకొచ్చి "ఇవి నేను నాటినవే" అని చూపించేదీ అతనే!

కనుక "ఈ వయసులో ఎందుకమ్మా" అని ఈసారి ఎవరైనా అంటే, కుండీలు ఇచ్చేయకండి. "అయితే ఆ కడప బండ ఇలా తెచ్చి వెయ్యి నాయనా" అనండి. ఆ గట్టు పూర్తయ్యాక, దాని పక్కనే కూరలు తరుక్కోవడానికి ఒక బల్ల కూడా అడగండి. పువ్వుకి చేసిన ఉపాయమే కత్తిపీటకీ పనికొస్తుంది కదూ!