ఫ్లడ్‌కు దక్కని చోటు

బేస్‌బాల్ ఘనుల మందిరం ‘హాల్ ఆఫ్ ఫేమ్’ అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు చిన్న ఊరు కూపర్స్‌టౌన్‌లో ఉంది. అందులో ఎవరికి చోటివ్వాలన్న వాదన అక్కడ ఏటా సాగేదే. ఆ వాదనలో ఎప్పటికీ తెగని పేరు కర్ట్ ఫ్లడ్.

సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు పన్నెండు సీజన్లు ఆడాడు. ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్‌ను 1963 నుంచి వరసగా ఏడుసార్లు గెలిచాడు. 1966 సీజన్ మొత్తంలో అతని చేతిలో ఒక్క పొరపాటూ జరగలేదు. బ్యాటింగ్ సగటు .293, హిట్లు 1,861. మంచి ఆటే కానీ మందిరానికి చాలదంటారు కొందరు. అంకెల వరకే అయితే ఆ మాట కొట్టిపారేయలేం.

కానీ ఆ అంకెలు ఎక్కడ ఆగాయో చూడాలి. 1969 అక్టోబరులో యాజమాన్యం అతణ్ని ఫిలడెల్ఫియా జట్టుకు ఇచ్చేసింది. ఇష్టమా అని అడగలేదు, ఫోన్‌లో కబురు పెట్టింది. ‘రిజర్వ్ క్లాజ్’ అనే అప్పటి నిబంధన కింద ఆటగాడు జట్టు సొత్తు. పొమ్మన్న చోటికి పోవాలి, లేదా ఆట మానాలి. అప్పటికి ఫ్లడ్‌కు 31 ఏళ్లు, జీతం 90 వేల డాలర్లు. నోరు మూసుకుంటే హాయిగా గడిచేది. అతను డిసెంబరు 24న బేస్‌బాల్ కమిషనర్ బౌవీ కూన్‌కు ఉత్తరం రాశాడు, తన ఇష్టంతో పనిలేకుండా అమ్మడానికీ కొనడానికీ తాను ఆస్తిని కానని. ఆ రాసినవాడు నల్లజాతి మనిషి అన్నది మరవకూడదు.

కోర్టుకెక్కాడు. మాజీ ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యమిచ్చాడు. అప్పుడు ఆడుతున్నవాళ్లలో ఒక్కరూ గడప తొక్కలేదు. 1972లో సుప్రీంకోర్టు 5-3తో కేసు కొట్టేసింది. ఈలోగా 1970 సీజన్ పోయింది, మరుసటేడు 13 మ్యాచ్‌లతో ఆటే ముగిసింది. 1975 చివర్లో వేరే ఇద్దరి కేసులో మధ్యవర్తి తీర్పుతో ఆ నిబంధన కూలింది. ఆ స్వేచ్ఛ ఫలం తర్వాతి తరాలది.

ఓటు వేసేవాళ్లు ఆటతో పాటు నిజాయతీ, నడవడిక కూడా చూడాలని మందిరం నిబంధనే చెబుతోంది. ఇన్నాళ్లూ ఆ మాట ఎక్కువగా తలుపు మూయడానికే వాడారు. తెరవడానికీ వాడాలి. ఆటగాళ్ల సంఘాన్ని నడిపిన మార్విన్ మిల్లర్‌కు మరణానంతరం అక్కడ చోటిచ్చారు, సబబే. ఆ పోరాటంలో సొంత ఆటనే పణంగా పెట్టినవాడు ఇంకా బయటే ఉన్నాడు.

ఫ్లడ్ 1997లో, 59వ ఏట కన్నుమూశాడు. మరుసటేడు అమెరికా అతని పేరిట చట్టమే చేసింది. పాత తరాల ఆటగాళ్లను పరిశీలించే కమిటీ ఈసారి కూర్చున్నప్పుడు, అతను ఆడని ఆ సీజన్లను కూడా లెక్కలో వేసుకుని చోటివ్వాలి.