మెత్తని గొంతుకు వేదిక ఏది?

వార్షికోత్సవం సమీపించేసరికి కళాశాలలన్నింటిలో ఒకే దృశ్యం కానవస్తుంది. ఏడాది పొడవునా ఎవరికీ వినబడకుండా పాడుకొనే విద్యార్థి ఒకడు ఉంటాడు. గడ్డిఅన్నారం, దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలలోని ఏదో ఒక వసతి గృహంలో, పై అంతస్తులో, నీళ్ళ ట్యాంకు ప్రక్కన కూర్చుండి ఒక గజలునో, ఒక లలిత గీతాన్నో తనకు తానే వినిపించుకొంటూ ఉంటాడు. అతనికి గొంతు ఉన్నదని మిత్రులకు తెలుసు. వారు అతనిని పట్టుకొని, "ఇట్లా పాడితే ఎవడు వింటాడురా? మా బృందంలోకి రా, గట్టిగా అరువు, హాలు దద్దరిల్లాలి" అంటారు. అతడు సిగ్గరి, కాదనలేడు. ఒక సాయంత్రం నల్లచొక్కా తొడుక్కొని అరుస్తాడు. చప్పట్లు మిన్ను ముట్టుతాయి. ఆ చప్పట్లు తనకు వచ్చినవా, తన చొక్కాకు వచ్చినవా అన్నది అతనికి తెలియదు. మరుసటి ఏడు అతడు గజలు పాడడు. ఆ పై ఏడు అసలేమీ పాడడు.

ఈ విద్యార్థిని గురించి మేము నాలుగు మాటలు చెప్పదలచినాము. అతనికి పేరు లేదు. ప్రతి కళాశాలలోనూ ఉన్నాడు గనుక పేరు అక్కరలేదు.

ఈ విషయంలో పెద్దల తీర్పు సిద్ధంగానే ఉన్నది. మృదువైన సంగీతం సంస్కారమనీ, బిగ్గరగా మ్రోగేది అనాగరికమనీ వారంటారు. కంచునూ కనకాన్నీ పోల్చిన వేమన మాట మనందరికీ చిన్ననాడే కంఠస్థమైనది. అయితే ఒక సంగతి మరువరాదు. బడిగంటను చేసేది కంచుతోనే గాని బంగారంతో కాదు. దూరాన ఉన్నవారిని పిలువవలసి వచ్చినప్పుడు కంచు కావలసిందే. కనుక బిగ్గర అయినంత మాత్రాన ఒక సంగీతాన్ని త్రోసిపుచ్చడం న్యాయం కాదని మా అభిప్రాయం.

మన నేలకు ఘోష క్రొత్తదీ కాదు. తెలంగాణ పల్లెలో డప్పు లేని పండుగ ఉన్నదా? హైదరాబాదు పెండ్లి ఊరేగింపులో మర్ఫా మ్రోగితే కాళ్ళు నిలుచునా? నిజాము సైన్యంలో చేరిన అరబ్బులతోనూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతోనూ ఈ నగరానికి చేరిన వాద్యమది. నేడు అన్ని మతాలవారి పెండ్లిండ్లలోనూ మ్రోగుతున్నది. కవ్వాలీ మాత్రం మెత్తనిదా? అరచేతులు కమిలేదాకా చప్పట్లు చరచి, గొంతు చివరి మెట్టుదాకా ఎక్కి దైవాన్ని పిలిచే పాట అది. బిగ్గరతనం మన రక్తంలోనూ ఉన్నది.

ఇక మన యువకులను ఆకర్షిస్తున్న హెవీ మెటల్ అనే పాశ్చాత్య సంగీతం ఎక్కడ పుట్టినదో తెలిసికొంటే దానిపై చులకన భావం కొంత తగ్గుతుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కర్మాగారాల నగరం. అక్కడ టోనీ అయోమీ అనే పదునేడేండ్ల కుర్రవాడు రేకుల కర్మాగారంలో పనిచేసేవాడు. ఉద్యోగానికి వీడ్కోలు చెప్పవలసిన చివరి దినాన యంత్రంలో పడి అతని కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలు తెగిపోయినాయి. అతడు ఎడమచేతి వాటం వాడు గనుక తంత్రులను నొక్కవలసినవి ఆ వ్రేళ్ళే. ఇక గిటారు లేదనుకొని కుమిలిపోతున్న దశలో కర్మాగారంలోని పైఅధికారి ఒకరు అతనికి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించినారు. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేయి కాలి, రెండు వ్రేళ్ళతోనే మహావాదకుడైనవాడు రైన్‌హార్ట్. అయోమీ ప్లాస్టిక్కు కరిగించి వ్రేళ్ళకు తొడుగులు చేసుకొన్నాడు. సన్నని తంత్రులు బిగించుకొన్నాడు. తరువాత వాటి శ్రుతిని కూడ దించుకొన్నాడు. 1968లో అతడు మిత్రులతో కలసి స్థాపించిన బ్లాక్ సబ్బాత్ బృందం 1970లో తొలి ఆల్బము వెలువరించినది. ఆ బరువైన, చీకటి నాదాన్నే లోకం హెవీ మెటల్ అన్నది. అంటే అది కేవలం కేకల సంత కాదు; దెబ్బతిన్న చేయి తనకు సాధ్యమైన రీతిలో పలికిన పలుకు. మన హైదరాబాదులో పుట్టిన గాడ్‌లెస్ అనే బృందం ఈ ఘోర నాదంలోనే 2016లో తొలి రికార్డును, 2021లో పూర్తి ఆల్బమును వెలువరించినది. ఆ పని చేసే యువకుల సాధనను ఎవరూ తక్కువ చేయరాదు.

రెండవ ప్రక్క చూతము. మృదుగానం సనాతనమనీ, విద్యుత్తు వచ్చి దానిని చెడగొట్టినదనీ కొందరి భ్రమ. నిజం తలక్రిందులుగా ఉన్నది. మైకు రాకముందు మన నాటక రంగాన పద్యం పాడే నటుడు చివరి వరుసలో నేలమీద కూర్చున్నవానికి వినబడవలసి ఉండెను. గ్రామఫోను కొమ్ము ముందు నిలిచినవాడూ గొంతెత్తవలసినదే. 1925 ప్రాంతంలో విద్యుత్ మైకుతో రికార్డులు చేయడం మొదలయిన తరువాతనే చెవిలో చెప్పినట్లు పాడడం సాధ్యమైనది. తెలుగులో లలిత గీతం, ఉర్దూలో రేడియో గజలు ఆ మైకు కన్న బిడ్డలే. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి వంటివారు ఆ మృదుత్వాన్ని తెలుగువారికి రుచి చూపినారు. 2025 అక్టోబరులో కన్నుమూసిన బాలసరస్వతీదేవి గొంతు, ఆకాశవాణిలో విన్నవారికి ఒక తరం గుర్తు. 1950లో ఆకాశవాణిలో విలీనమైన మన దక్కన్ రేడియో ఉర్దూ, తెలుగు పాటలను ఒకే తరంగంపై ఇంటింటికి చేర్చినది. ఆ మైకే, ఆ విద్యుత్తే తరువాత గిటారును కూడ గర్జింపజేసినాయి. కనుక మృదుగానము, మహాఘోష తోబుట్టువులే గాని శత్రువులు కావు.

మరి మెత్తని గొంతుకు లోకం ఇచ్చిన ప్రతిఫలమేమి? ఇక్కడ సత్యం చెప్పక తప్పదు. చిత్తూరు జిల్లా రామాపురంలో 1929లో పుట్టిన ఏ. ఎం. రాజా 1954లో విప్రనారాయణలో నాగేశ్వరరావుకు, 1955లో మిస్సమ్మలో రామారావుకు పాడినారు. ఆ పాటలలో ఎక్కడా గొంతు చించుకొనలేదు. 1958లో శోభ చిత్రంతో సంగీత దర్శకులై, 1960లో పెళ్ళి కానుకకు స్వరాలిచ్చినారు. అంతటి గాయకునికి ఆ దశాబ్దంలోనే చిత్రాలలో అవకాశాలు సన్నగిల్లినవి. కచేరీలే ఆధారమైనవి. 1989 ఏప్రిల్‌లో ఒక కచేరీకి ప్రయాణమై వెళ్తూ తమిళనాడులోని వళ్ళియూరు స్టేషనులో రైలు ప్రమాదానికి బలియైనారు.

తలత్ మహమూద్ కథ మరొక విధం. ఆయన గొంతులో సన్నని వణకు ఉండేది. బొంబాయి వచ్చిన క్రొత్తలో దానిని లోపమని కొందరనగా, ఆయన అణచివేయబోయినారట. సంగీత దర్శకుడు అనిల్ బిశ్వాస్ ఆ వణకే తనకు కావలెనని నిలబెట్టినారని చెప్పుకొంటారు. 1950లో ఆర్జూ చిత్రంతో ఆ వణకే దేశమంతటా ప్రేమపాత్రమైనది. అయినను నటుడుగా కూడ కీర్తి పొందవలెనన్న తపనతో ఆయన ఎన్నో చిత్రాలలో వేషాలు వేసినారు. నేడు ఆ వేషాలను ఎవరు తలచుకొంటున్నారు? వణకును మాత్రం లోకం మరువలేదు. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మనము గర్వింపదగిన విషయమొకటి ఉన్నది. 1959లో వచ్చిన మనోరమ చిత్రంలో ఆ లక్నో గొంతు చేత తెలుగు పాటలు పాడించినవారు మన రమేశ్ నాయుడు. ఆ రమేశ్ నాయుడు తరువాత చాలకాలం తెలుగు చిత్రసీమకు దూరంగా ఉండి, తిరిగి వచ్చి, వేటగాడు వంటి చిత్రాల హుషారు పాటలు ఊరూరా మారుమ్రోగుతున్న దినాలలోనే తన మెత్తని బాణీని వదలక, 1982 నాటి మేఘసందేశంతో జాతీయ బహుమతి గెలిచినారు. ఒకరికి ఆలస్యంగా దక్కినది, మరొకరికి చేజారినది. మెత్తని గొంతుకు అన్నం పెట్టే హామీ ఎవరూ ఇవ్వలేరు. అందుచేత విద్యార్థి సోదరులు చదువును విడిచి సంగీతాన్ని పట్టుకొనవలెనని మేము చెప్పము. సంగీతం కోసం సంగీతాన్నే విడువవద్దని మాత్రం చెప్పుదుము.

ఈ మాట వింతగా తోచవచ్చును. ఒక ఉదాహరణ చూపుదుము. అమెరికాలో మెటాలికా అనే హెవీ మెటల్ బృందం జగత్ప్రసిద్ధం. 2011 అక్టోబరులో బెంగుళూరు వచ్చి పాడినది. దాని గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒకప్పుడు దూరాన ఉన్న ప్రియురాలిని తలచుకొంటూ ఒక నెమ్మదైన పాట కట్టుకొన్నాడు. అది తన కోసమే. బృందానికి వినిపించడానికి జంకినాడు. అంత కఠినమైన కీర్తి గల బృందంలో ఇంత మెత్తని పాట ఎట్లా ఇముడునని అతని సంకోచం. తోటివారు విని అది కావలసిందేనన్నారు. 1991 నాటి వారి ఆల్బములో చేరిన ఆ పాట నేడు వారి అత్యంత ప్రియమైన గీతాలలో ఒకటి. బ్లాక్ సబ్బాత్ సైతం 1972లో పియానోపై ఒక విషాద గీతాన్ని మెల్లగా పాడినది. మహాఘోష చేసిన వారికే మృదుత్వం దాచుకొనలేని వస్తువైనప్పుడు మన సిగ్గరి విద్యార్థి తన గజలును ఎందుకు దాచుకొనవలెను? సంగీతంలో అసలు భేదం మెల్లనకు, బిగ్గరకు మధ్య లేదు. తన గొంతుకు, అరువు గొంతుకు మధ్య ఉన్నది. చిన్నతనం నుంచి గిటారు గర్జనతోనే తన ఆవేదనను చెప్పుకొనేవాడు గర్జింపవలసినదే. గజలు మనసు గలవాడు చప్పట్ల కోసం గర్జిస్తే అది వేషమవుతుంది. వేషం ఒక పూటకు చాలును గాని జీవితానికి చాలదు.

దోషం విద్యార్థిదేనా? కాదు. మనం ఏర్పరచిన వేదికది. ఈ ప్రాంతాన్ని చూడండి. పైన మెట్రో, క్రింద బస్సులు, వీధి వీధికి కోచింగు సెంటర్ల ప్రకటనలు. చీకటి పడితే పెండ్లి బరాతుల డీజే బండ్లు. పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయినా రద్దీ తరలిపోలేదు. ఇంతటి రొదలో పెరిగిన చెవికి చిన్న స్వరం చేరడం కష్టం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించరాదంటున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ళ వరకు వినవచ్చునంటూ, ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకు వినదగిన కాలం సగమగునని హెచ్చరిస్తున్నది. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధింపవలసి వచ్చినది. వీధికి ఇంత ఆలోచన జరిగినప్పుడు కళాశాల హాలుకు ఆలోచన వలదా? స్పీకర్ల ఎత్తును బట్టి ఉత్సవం గొప్పదనాన్ని, చప్పట్ల చప్పుడును బట్టి బహుమతిని నిర్ణయించే అలవాటు ఉన్నంతకాలం సిగ్గరి గొంతు ఓడిపోతూనే ఉంటుంది.

కనుక కమిటీ పెద్దలకు మా సవినయ మనవులు మూడు. మొదటిది: ప్రతి వార్షికోత్సవంలో ఒక అరగంట పెద్ద స్పీకర్లను ఆపి, ఒక హార్మోనియం, ఒక తబలా, ఒక చిన్న మైకు మాత్రమే ఉంచి, గజలుకు, లలిత గీతానికి సమానంగా చోటు కల్పించవలెను. దీనికి అదనపు ఖర్చు లేదు. పైగా కొంత మిగులుతుంది. రెండవది: గిటారు పట్టే విద్యార్థులను తరిమివేయక, వారికి సాధన కోసం ఒక గది, ఒక వేళ కేటాయించి, శబ్దానికి హద్దు నిర్ణయించవలెను. మూడవది: బహుమతి నిర్ణేతలు చప్పట్లను లెక్కింపక శ్రుతిని, భావాన్ని, ఉచ్చారణను పరిశీలింపవలెను. ఉర్దూ విద్యార్థి తెలుగు గీతాన్ని, తెలుగు విద్యార్థి గజలును పాడితే ప్రత్యేక బహుమతి ఉంటే మరీ మంచిది. తలత్ ఏనాడో చూపిన బాట అది.

"అరగంట నిశ్శబ్దంగా కూర్చుండి వినే ఓపిక నేటి కుర్రవాళ్ళకు ఎక్కడిది?" అని కొందరు అడుగవచ్చును. వినే అవకాశమే ఇవ్వక ఓపిక లేదనడం, ఈత నేర్పక మునిగిపోయినాడని నిందించడం వంటిది. మొదటి ఏడు సగం మంది లేచిపోవచ్చును. మిగిలిన సగం చాలును.

ఇక విద్యార్థి మిత్రమా, నీతో ఒక్క మాట. నీ గొంతు చిన్నదైతే దానికి తగినంత దగ్గరగా వచ్చి వినేవారిని వెదకుకో. నీ గొంతు పెద్దదైతే నీ ప్రక్కనే కూర్చున్న చిన్నగొంతు వానికి మైకు అందించు. ఎవరి స్వరంలో వారు పాడుకొనగల విద్యాలయమే మనకు కావలసిన విద్యాలయం. ఈ ఏడు వార్షికోత్సవంలో ఆ పై అంతస్తు గాయకుని పేరును కార్యక్రమ పట్టికలో చూడగలమని ఆశిస్తున్నాము.